రవీంద్రుని దేశభావనను చదవడం ఎలా: విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఒక పద్ధతి

జులై చివరి వారం వచ్చిందంటే తిరుపతి కళాశాలల విద్యార్థులు కొందరు స్వాతంత్ర్య దినోత్సవపు వక్తృత్వ పోటీకో, వ్యాసరచన పోటీకో ‘రవీంద్రనాథ్ ఠాగూర్ దేశభక్తి’ అన్న అంశం పట్టుకుని మా ఇంటికి వస్తూ ఉంటారు. వారిలో చాలామంది దగ్గర ఒకదానితో ఒకటి పొసగని రెండు వాక్యాలు సిద్ధంగా ఉంటాయి. జాతీయగీతాన్ని ఇచ్చిన కవి కనుక ఆయన దేశభక్తికి నిలువెత్తు రూపమన్నది ఒకటి. జాతీయవాదం పెను ప్రమాదమని హెచ్చరించినవాడు కనుక ఆయనకు దేశాల హద్దులే పట్టలేదన్నది మరొకటి. ఏది రాస్తే బహుమతి వస్తుందని అడుగుతారు. రెండు వాక్యాలకూ ఆధారం ఆయన రచనల్లోనే ఉంది, కానీ ఏ ఒక్కదాన్ని విడిగా పట్టుకున్నా కవి చేజారిపోతాడు. ఆ రెండింటినీ కలిపి చదివే పద్ధతిని, నాలుగైదు ఆదివారాలు కేటాయించగలిగిన విద్యార్థుల కోసమూ, వారిచేత చదివించాలనుకునే ఉపాధ్యాయుల కోసమూ ఇక్కడ వివరిస్తున్నాను.

తేదీతో మొదలుపెట్టాలి

డిగ్రీ రెండవ సంవత్సరంలో నేను ఇదే అంశంపై మాట్లాడి, ఠాగూర్ వాక్యం ఒకటి గట్టిగా చదివి ప్రసంగం ముగించాను. న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ‘బాబూ, ఆ మాట ఆయన ఏ సంవత్సరంలో అన్నారు? అప్పుడు దేశంలో ఏం జరుగుతోంది?’ అని అడిగారు. నాకు తెలియలేదు. ఈనాటికీ నా దగ్గరకు వచ్చిన ప్రతి విద్యార్థినీ మొట్టమొదట నేను అడిగేది ఆ ప్రశ్ననే.

ఒక పెద్ద చార్టు కాగితం తీసుకుని నిలువుగా మధ్య గీత గీయాలి. ఎడమ పక్కన దేశంలో జరిగినవి, కుడి పక్కన కవి రాసినవీ చేసినవీ సంవత్సరాల వారీగా నింపాలి. ఆయన జననం 1861, మరణం 1941. ఎనభై ఏళ్ల జీవితాన్ని ఒక్క భావంగా కుదించడం ఎంత అన్యాయమో కాగితం నిండుతున్నకొద్దీ తెలుస్తుంది. 1896 కలకత్తా కాంగ్రెస్ సభలో వందేమాతరం ఆలపించింది ఆయనే. 1905లో బెంగాల్ విభజన అమలైన రోజున హిందూ ముస్లింలు ఒకరి చేతికి ఒకరు రాఖీ కట్టుకోవాలని పిలుపునిచ్చి తానే వీధుల్లోకి వచ్చాడు. ‘ఆమార్ సోనార్ బాంగ్లా’, ‘ఏక్‌లా చలో రే’ ఆ సంవత్సరపు పాటలే. తరువాత రెండు మూడేళ్లకే ఆయన ఆ స్వదేశీ ఉద్యమం నుంచి తప్పుకోవడం, పేదవాడి దుకాణంలోని విదేశీ గుడ్డను బలవంతంగా తగలబెట్టించడాన్నీ, మతాల మధ్య పెరిగిన కొట్లాటలనూ ఖండించడం కుడి పక్కన కనిపిస్తాయి. 1908లో ఒక లేఖలో, దేశభక్తి మన ఆత్మకు చివరి ఆశ్రయం కాలేదనీ, తన ఆశ్రయం మానవత్వమనీ, వజ్రాల వెల ఇచ్చి గాజు కొననన్న అర్థంలో రాశాడు. ఈ లేఖను 1905 నాటి పాటల కిందనే రాయించాలి. దేశాన్ని ప్రేమించి వీధిలో నడిచినవాడే ఈ మాట అన్నాడని అప్పుడు విద్యార్థికి అర్థమవుతుంది.

మాటల పుస్తకం ఒకటి పెట్టుకోవాలి

తెలుగులో ఈ అంశాన్ని చదివేవారు పడే చిక్కు చాలావరకు మాటల దగ్గరే ఉంది. దేశం, స్వదేశం, జాతి, రాజ్యం, సమాజం అన్న అయిదు మాటలనూ మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తాము. అందులోనూ ‘జాతి’ అన్న మాటతో భారత జాతి అంటాము, పక్షి జాతి అంటాము, జాతి రత్నం అంటాము. ‘జాతీయవాదం’ అన్న అనువాదం చదివిన విద్యార్థి, ఠాగూర్ దేన్ని విమర్శిస్తున్నాడో పోల్చుకోలేక, దేశప్రేమనే విమర్శిస్తున్నాడనుకుంటాడు.

ఆయన బెంగాలీలో రాసేటప్పుడు కూడా ‘నేషన్’ అన్న మాటను అనువదించకుండా అలాగే ఉంచాడు. దానికి తమ భాషలో సరిసమానమైన మాట లేదని 1901 నాటికే ఒక వ్యాసంలో చెప్పాడు. ఆయన దృష్టిలో నేషన్ అంటే ఒక జనసముదాయమంతా యాంత్రికమైన ప్రయోజనం కోసం, అంటే రాజకీయ ఆర్థిక శక్తి కోసం, ఒక్క యంత్రంలా కూడగట్టుకున్నప్పుడు దాల్చే రూపం. స్వదేశం అంటే వేరు. అది నేల, భాష, పాట, ఇరుగుపొరుగు. సమాజం అంటే ఏ యంత్రపు లక్ష్యమూ లేకుండా మనుషులు సహజంగా కలిసి బతికే తీరు. కాబట్టి అనువాదంలో దేశం, జాతి వంటి మాట వచ్చిన ప్రతిచోటా అది ఈ మూడింటిలో దేన్ని ఉద్దేశించిందో అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ చదవాలి. ఈ ఒక్క అలవాటుతో సగం గందరగోళం తొలగిపోతుంది.

మన ప్రాంతంలో ఈ భేదాన్ని బోధించడం సులభం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. దానిలో భాగంగా ఉన్న తిరుత్తణి ప్రాంతం 1960లో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. కాగితం మీది గీత జరిగినంత మాత్రాన అక్కడి ఇళ్లలో తెలుగు, ఇక్కడి నగరి, పుత్తూరు ఇళ్లలో తమిళం ఆగిపోలేదు. ‘మీ అవ్వ పుట్టిన ఊరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంది? ఆమె సొంత ఊరు అన్నప్పుడు ఏ ఊరిని తలుచుకుంటుంది?’ అని అడిగితే, పరిపాలన వేరు, స్వస్థలం వేరు అన్న విషయం పిల్లలే చెబుతారు. ఆ తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో బడి చదువు చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918లోనే ఠాగూర్ తత్త్వంపై ఒక గ్రంథం వెలువరించారు. ఈ కవిని శ్రద్ధగా చదవడం మన ప్రాంతానికి కొత్త పని కాదని పిల్లలకు చెప్పడానికి నేను ఈ సంగతి తప్పక ప్రస్తావిస్తాను.

అయిదు చరణాలూ చదవాలి

మూడవ ఆదివారం మొత్తాన్ని ఒక్క పాటకే కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. బడిలో ప్రతిరోజూ మనం పాడేది ‘జనగణమన’లో మొదటి చరణం మాత్రమే. పూర్తి పాటలో అయిదు చరణాలున్నాయి. అది సంస్కృత పదాలతో నిండిన బెంగాలీ కనుక, తెలుగు చదువరికి నిఘంటువు అవసరం దాదాపు లేకుండానే అర్థమవుతుంది. నేను ముందుగా ఏ వ్యాఖ్యానమూ చెప్పను. అయిదు చరణాలనూ తెలుగు లిపిలో రాసి ఇచ్చి, తెలిసిన మాటల కింద గీత గీయమంటాను. అరగంటలో కాగితమంతా గీతలతో నిండిపోతుంది.

మొదటి చరణంలో కవి ప్రాంతాల పేర్లు చెబుతాడు. ‘ఇందులో ఆంధ్ర ఏది?’ అని ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ అడుగుతారు, అడగాలి కూడా. ‘ద్రావిడ’ అన్న మాటలో దక్షిణాది అంతా ఇమిడి ఉంది. 1911 నాటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాము. రెండవ చరణంలో పేర్లు మారతాయి: ‘హిందు బౌద్ధ శిఖ జైన పారసిక ముసల్మాన క్రిస్తానీ’. తూర్పూ పడమరా కూడా నీ సింహాసనం పక్కకు వచ్చి ప్రేమహారం అల్లుతాయని అక్కడే ఉంటుంది. అంటే దేశాన్ని కీర్తిస్తున్న పాటలోనే పడమటి దేశాలకు కూడా చోటు ఉంది. 1916లో జాతీయవాదాన్ని విమర్శించిన కవి, 1911లో ఈ చరణం రాసిన కవి ఇద్దరూ ఒక్కరే అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

మూడవ చరణం దగ్గర ఆగి, పాత వివాదం ఒకటి విప్పి చూపాలి. ఈ పాట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదట పాడారు. అదే నెలలో అయిదవ జార్జి చక్రవర్తి దర్బారు ఢిల్లీలో జరిగింది. ఆ రెండింటినీ ముడిపెట్టి, పాటలోని ‘భాగ్యవిధాత’ ఆ చక్రవర్తేనని నేటికీ ఫోన్లలో సందేశాలు తిరుగుతూ ఉంటాయి. విద్యార్థికి సమాధానం చెప్పేయకుండా చరణం చదివించండి. ‘పతన అభ్యుదయ బంధుర పంథా, యుగ యుగ ధావిత యాత్రీ, హే చిరసారథి’ అని అక్కడ ఉంది. యుగయుగాలుగా నడుస్తున్న బాటసారులకు నిత్య సారథి అయినవాడు ఏ రాజు కాగలడు? తరువాతి చరణంలో ఆ విధాతనే ‘స్నేహమయీ తుమి మాతా’ అని తల్లిగా పిలుస్తాడు. ఆ భాగ్యవిధాత ఏ జార్జి చక్రవర్తీ కాలేడని కవి తానే 1937లో ఒక లేఖలో రాశాడు. లేఖ సంగతి చివర చెబితే చాలు, ఎందుకంటే పిల్లలు పాట చదివి స్వయంగా ఆ నిర్ణయానికి వచ్చి ఉంటారు. అయిదవ చరణంలో రాత్రి తెల్లవారి తూర్పు కొండ నుదుట సూర్యుడు ఉదయిస్తాడు. ఆ మాటలు గుర్తుంచుకోమని చెప్పండి; మదనపల్లెలో వాటితో పని ఉంటుంది.

వీలైతే మదనపల్లె వెళ్లాలి

తిరుపతి నుంచి చంద్రగిరి, పీలేరు, వాల్మీకిపురం మీదుగా బస్సులో మూడు గంటలు పట్టే ప్రయాణం. 2022 వరకు మదనపల్లె చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల అక్కడ ఉంది. ఐర్లండుకు చెందిన కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, 1919 ఫిబ్రవరి చివరి రోజుల్లో రవీంద్రుడు ఆ ప్రాంగణంలో బస చేశాడు. ఒక సాయంత్రం విద్యార్థుల ఎదుట ఈ పాట పాడి వినిపించాడు. జేమ్స్ భార్య, సంగీతం నేర్చిన మార్గరెట్ కజిన్స్ స్వరాలు కూర్చడానికి తోడ్పడగా, పాటను ఆయనే ఇంగ్లిషులోకి మార్చి, భారతదేశపు ప్రభాత గీతం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అయిదవ చరణం చదివినవారికి ‘ప్రభాత’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. మొదటి చరణంతో ఆపినవారికి ఆ పేరు అర్థమే కాదు.

ఊరు చూసి రావడంతో పని పూర్తి కాదు. ఒక బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు, సీమ పల్లెల నుంచి వచ్చిన తెలుగు విద్యార్థులు ఒక చోట కూడినప్పుడు భారతదేశపు పాటకు మరో రూపం దొరికింది. ఈ దృశ్యాన్ని తూర్పు పడమరలు ప్రేమహారం అల్లే రెండవ చరణం పక్కన పెట్టి ఒక పేజీ రాయమనండి. తరువాత చార్టుకు తిరిగి రండి. మదనపల్లెలో పాట పాడిన నెలన్నరకు, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. మే 31 తేదీతో ఆయన వైస్రాయికి లేఖ రాసి, 1915లో తనకు ఇచ్చిన ‘సర్’ బిరుదును వదులుకున్నాడు. దేశాభిమానం లేనివాడని ఆయనను అనదలచినవారు ఆ లేఖను చదివిన తరువాత మాట్లాడాలి.

ఉపన్యాసాలను ఓపికతో చదవాలి

1916లో ఆయన జపానులోనూ అమెరికాలోనూ చేసిన ఉపన్యాసాలు మరుసటి ఏడాది ‘నేషనలిజం’ అన్న పుస్తకంగా వచ్చాయి. జపాను, పడమటి దేశాలు, భారతదేశం అని మూడు భాగాలూ, చివర ఒక కవితా అందులో ఉన్నాయి. మొత్తం ఒక్కసారిగా ఇస్తే విద్యార్థులు బెదిరిపోతారు. ముందు భారతదేశంపై ఉన్న భాగమే ఇవ్వండి. మొదటి వాక్యాల్లోనే మన అసలు సమస్య రాజకీయం కాదు, సామాజికం అని ఆయన అంటాడు. కులం పేరిట మనుషుల మధ్య గోడలు కట్టుకున్న సమాజం, పరాయి పాలన పోయినంత మాత్రాన స్వేచ్ఛ పొందినట్టు కాదన్నది ఆయన వాదం. ఇది చదివేటప్పుడు మన పల్లెల్లో రెండు బావులు, హోటళ్లలో రెండు గ్లాసులు ఉన్న కాలాన్ని పెద్దలను అడిగి తెలుసుకుని రమ్మంటాను. ఒక ఆదివారం ఒక అమ్మాయి తన తాతను అడిగి వచ్చి చెప్పిన మాటలు విన్నాక, ఆ గదిలో ఎవరికీ ఆ భాగానికి వేరే వివరణ అవసరం కాలేదు.

జపానుపై ఉన్న భాగాన్ని సందర్భం తెలియకుండా చదవకూడదు. మొదట ఆయనను ఎంతో వైభవంగా ఆహ్వానించిన జపాను, పడమటి దేశాల ఆయుధ బలాన్నీ దురాశనూ అనుకరించవద్దని ఆయన చెప్పగానే ముఖం తిప్పుకుంది. ఓడిపోయిన దేశపు కవి మాటలని కొందరు కొట్టిపారేశారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. 1938లో, చైనాపై జపాను దండయాత్రను సమర్థించిన తన పాత మిత్రుడు, కవి నొగుచికి రాసిన లేఖల్లో కూడా అదే నిలకడ కనిపిస్తుంది. తన దేశాన్ని అణచిన బ్రిటిషు నేషన్‌ను విమర్శించడం తేలిక; తూర్పు దేశాల్లో తొలుత తలెత్తిన జపానునూ, రేపు అదే దారి పట్టగల తన దేశాన్నీ కూడా అదే కొలతతో కొలవడం కష్టం. ఆయన విమర్శకు విలువ ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

ఉపన్యాసాలు బరువనిపించినవారు నవలల వైపు నుంచి రావచ్చు. ‘ఘరే బాయిరే’లో నిఖిల్ దేశానికి సేవ చేస్తానంటాడు, కానీ పూజ మాత్రం దేశం కంటే గొప్పదైన న్యాయానికే అంటాడు. ‘గోరా’ చదివేవారికి ముగింపు ముందుగా చెప్పకండి.

‘చిత్తము ఎక్కడ భయశూన్యమో’ అన్న భావంతో మొదలయ్యే ప్రార్థనా గీతం చాలామందికి తెలుసు. దాని విషయంలో ఒక్క జాగ్రత్త. ఇంగ్లిషులో అది ‘నా దేశాన్ని ఆ స్వర్గంలోకి మేల్కొలుపు’ అని మృదువుగా ముగుస్తుంది. బెంగాలీ మూలంలో మాత్రం, తండ్రీ, నీ చేతులతోనే నిర్దయగా దెబ్బ కొట్టి భారతాన్ని మేల్కొలుపు అని ఉంది. దేశం దెబ్బ తిని అయినా మేలుకోవాలని కోరుకున్న ప్రేమ అది. వీలైన ప్రతిచోటా మూలంతో పోల్చి చదవాలని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఎదుటి వాదాన్నీ బల్ల మీద పెట్టాలి

రవీంద్రునిపై గౌరవం పెరిగిన విద్యార్థులు ఈ దశలో ఆయన చెప్పినదంతా ఒప్పుకునే స్థితికి వస్తారు. అప్పుడు గాంధీజీని చదివించాలి. 1921లో సహాయ నిరాకరణ జోరు మీద ఉన్నప్పుడు, ఆలోచన లేకుండా అందరూ రాట్నం తిప్పాలన్న ఆజ్ఞనూ, గుడ్డలేని దేశంలో గుడ్డలు తగలబెట్టడాన్నీ రవీంద్రుడు ప్రశ్నించాడు. గాంధీజీ ఆయనను గొప్ప కావలివాడని గౌరవిస్తూనే, ఆకలితో ఉన్న కోట్లాది జనం కోరే కవిత ఒక్కటే, అది బలమిచ్చే అన్నం అని సమాధానమిచ్చారు. నేను విద్యార్థులను రెండు వరుసలుగా కూర్చోబెట్టి, ఒక వరుస కవి పక్షాన, మరొక వరుస గాంధీజీ పక్షాన మాట్లాడమంటాను. అరగంట తరువాత వరుసలు మారుస్తాను. ఎవరు గెలిచారో ప్రకటించను. ఆ ఇద్దరూ జీవితాంతం ఒకరినొకరు ప్రేమించుకున్నారు, వాదించుకున్నారు కూడా. మనం ఒకరిని ఓడించవలసిన పని లేదు. కవి మాటలతో ఊరుకోలేదని చూపడానికి, 1922లో శ్రీనికేతన్‌లో ఆయన మొదలుపెట్టిన గ్రామ పునర్నిర్మాణ కృషిని ఆ రోజే చార్టులో చేర్పించండి.

తెలుగువారికి మరొక సౌకర్యం ఉంది. గురజాడ 1910లో రాసిన ‘దేశభక్తి’ గీతం మనకు నోటికి వచ్చు. ‘దేశమంటే మట్టికాదోయి, దేశమంటే మనుషులోయి’ అన్న పంక్తులను ఠాగూర్ ఉపన్యాసాల పక్కన పెట్టండి; కానీ రెండూ ఒకటేనని రాసేయకండి. గురజాడ దేశి సరుకులు నింపమన్నాడు, అన్ని దేశాలకూ అమ్మమన్నాడు, తిండి కలిగితే కండ కలదన్నాడు. ఆయన చూపు పనిచేసే చేతుల మీద, పండే పైరు మీద ఉంది. ఠాగూర్ భయమంతా ఆ చేతులు ఒక రోజు యంత్రంలో పళ్లచక్రాలైపోతాయేమోనని. పోలిక ఎంత రాస్తే తేడా కూడా అంత రాయాలి.

వ్యాసం రాసేటప్పుడు

ఇంత చదివాక రాయడం పెద్ద పని కాదు, కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు. ప్రతి ఉల్లేఖన పక్కన సంవత్సరం వేయాలి. సంవత్సరం దొరకని వాక్యం ఎంత బాగున్నా వదిలేయాలి, ఎందుకంటే ఈ కవి పేరుతో ఆయన అనని మాటలు చాలా తిరుగుతున్నాయి. ‘జాతీయవాదం’ అన్న మాట మొదటిసారి వాడిన చోట దానికి ఆయన చెప్పుకున్న అర్థాన్ని ఒక వాక్యంలో రాయాలి. ‘ప్రతీక’, ‘మకుటాయమానం’, ‘చిరస్మరణీయం’ వంటి మాటలు తీసేసి, ఆ స్థలంలో ఆయన చేసిన ఒక పనిని పెట్టాలి. ప్రసంగమైతే అయిదు నిమిషాలకు ఒక్క రచన చాలు. నా సలహా అడిగితే జనగణమన రెండవ చరణమే తీసుకోమంటాను, సభలో అందరికీ తెలిసిన రాగంలోనే దాన్ని పాడి మొదలుపెట్టవచ్చు కనుక. గత ఆగస్టులో చంద్రగిరి దగ్గరి పల్లెకు చెందిన విద్యార్థి ఒకడు అలాగే చేశాడు. వినేవారికి రాగం తెలిసింది, మాటలు తెలియలేదు. వాళ్లు తలలెత్తి ఒకరినొకరు చూసుకుంటున్నప్పుడు ‘ఇది కూడా మన పాటే’ అని చెప్పి, అతను ప్రసంగంలోకి వెళ్లాడు.